పందొమ్మిదో పేజీలో తాడు

ఆరోగ్య మంత్రిత్వ శాఖ, నాలుగో అంతస్తు
జనవరి 12

అక్కా,

మాకు కొత్త మంత్రి వచ్చాడు. మూడేళ్ళలో నాలుగోవాడు. మొన్నటిదాకా క్రీడలు చూసేవాడట, అంతకుముందు గనులు. మొదటి రోజు మా అంతస్తుకి వచ్చి ఫైళ్ళ బీరువాలన్నీ చూసి, "ఇవన్నీ జబ్బులేనా?" అని అడిగాడు. మా డైరెక్టరు చేతులు కట్టుకుని "అవునండీ" అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి నిజం అదే అయివుంటుంది.

మంత్రి మారితే విధానం మారుతుందా అని కిందటి ఉత్తరంలో అడిగావు. కుర్చీ మారుతుంది. కర్టెన్లు మారతాయి. ఈయనకి ఎండ పడదు కాబట్టి తూర్పు కిటికీలకి మందపాటి కర్టెన్లు వచ్చాయి. ఇంతవరకూ ఈ శాఖ మీద ఆయన చూపిన ప్రభావం అదే. విధానాలు మంత్రివర్గం తయారుచేస్తుందని మనకి బళ్ళో చెప్పారు గానీ, అవి తయారయ్యేది ఇక్కడ, ఒక కాలు పొట్టిదైన నా బల్ల మీద.

ఎలాగో చెప్తాను, నీలోనే ఉంచుకో. మంత్రివర్గానికి వెళ్ళే ప్రతి నోట్‌లోనూ మూడు దారులు రాస్తాం. మొదటిది అందరూ మెచ్చుకునేది, ఎవరివల్లా కానిది. మూడోది బుద్ధి ఉన్నవాడెవడూ ముట్టుకోనిది. దాన్ని మేం దిష్టిబొమ్మ అంటాం. మధ్యలో మేం చేయదలచుకున్నది పెడతాం. మంత్రిగారు మొదటిది చూసి నిట్టూరుస్తాడు, మూడోది చూసి ఉలిక్కిపడతాడు, రెండోదాని పక్కన టిక్కు పెట్టి, దేశాన్ని ఒడ్డున పడేసినట్టు వెనక్కి వాలతాడు. పదకొండేళ్ళుగా దిష్టిబొమ్మలు రాస్తున్నాను. వాటికి నా అంత బాగా చొక్కా తొడిగేవాడు ఈ భవనంలో లేడని డైరెక్టరే అంటాడు.

ఇప్పుడు దూరప్రాంతాల కాన్పుల వార్డుల మీద నోట్ రాయమన్నారు. కిందటేడు మీ వార్డులో ఎన్ని కాన్పులు? గది ఎలా ఉంది? ఏమేం లేవు? నర్సమ్మగారు కాస్త తీరిక చేసుకుని అన్నీ వివరంగా రాయాలి. మా దగ్గరున్న వివరాలు మీ ఆసుపత్రి గోడలకంటే పాతవి.

మన పిట్ట ఎలా ఉంది? మేనమామని ఎప్పుడైనా తలుచుకుంటోందా?

నీ తమ్ముడు


కొండమీది ఆసుపత్రి, కాన్పుల వార్డు
ఫిబ్రవరి 2

దొరగారికి,

తమ్ముడూ అని పిలవడానికి భయమేస్తోంది, దేశమంతా నీ బల్ల మీదే తయారవుతోందట కదా. ఫోన్‌లో చెబుదామంటే మా కొండల్లో నీ మాట సగమే చేరుతుంది, ఆ సగంలోనూ నీ గొప్పలే ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

కిందటేడు మా వార్డులో తొంభై ఆరు కాన్పులు. తొంభై ఆరుగురు తల్లులూ తమ కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళారు. ఆ మాట కూడా రాయి. మీరు పంపే ఫారంలో నలభై రెండు గళ్ళున్నాయి గానీ ఈ సంగతి రాయడానికి ఒక్క గడీ లేదు. నలభై రెండో గడిలో "గోడల రంగు" అని అడిగారు. "వచ్చి చూసుకోండి" అని రాశాను.

నాలుగు మంచాలు, ఒక కాన్పు బల్ల, ఒక దీపం. దీపం వెలగాలంటే ఆయా దాని తల మీద ఒక దెబ్బ వేయాలి. కిటికీ గొళ్ళెం విరిగి రెండేళ్ళయింది. ఆరు అర్జీలు పెట్టాను. ఏడోది పెట్టే ఓపిక లేక, ఆయా బట్టలారేసే తాడుతో కిటికీని నీళ్ళ పైపుకి కట్టేశాను. ముడి నాది. గాలివానకి పైకప్పు రేకు ఎగిరిపోయింది గానీ ఆ కిటికీ కదల్లేదు. డాక్టరు వారానికోసారి వస్తాడు. మంచివాడే, చెప్పిన మాట వింటాడు.

లేనిది అంబులెన్స్. కింద ఉన్న పెద్దాసుపత్రికి ఐదు గంటల దారి. వానాకాలంలో పెద్ద మలుపు దగ్గర కొండ విరిగి రోడ్డు మీద పడుతుంది. నొప్పులు పడుతున్న మనిషిని ఆ దారిన పంపాలనుకునేవాడికి అమ్మ లేదన్నమాట. అంబులెన్స్ ఒకటి రాయించు. చేతనైతే గొళ్ళెం కూడా.

పిట్టకి మూడో నెల. ఆగస్టులో కాన్పు. ఇక్కడే, నా చేతుల మీదే కావాలంటోంది. కన్నకూతురు కదే, చేతులు వణుకుతాయేమో అంటే, "వణికితే నేను పట్టుకుంటాలే అమ్మా" అంది. నిన్ను తలుచుకుంటూనే ఉంది, నువ్వు రాసే ఉత్తరాలు మేనమామ ఉత్తరాల్లా లేవు, సర్క్యులర్లలా ఉన్నాయంటోంది.

అక్క


మంత్రిత్వ శాఖ, నాలుగో అంతస్తు
మార్చి 20

అక్కా,

తాతయ్యని చేసేస్తున్నారన్నమాట నన్ను! నీ ఉత్తరం అందిన రోజు క్యాంటీన్లో అందరికీ టీలు నావే.

నోట్ పూర్తయింది. రెండో దారిలో ఏముందో విను. ప్రతి దూరపు వార్డుకీ ఒక అంబులెన్స్. డాక్టరు వారానికి మూడు రోజులు. కొండ విరిగే మలుపుల దగ్గర రోడ్ల శాఖవాళ్ళు రాతిగోడ కట్టాలి. నీ మలుపుని తలుచుకునే ఆ వాక్యం రాశాను. దిష్టిబొమ్మ కూడా ఈసారి బ్రహ్మాండంగా కుదిరింది. అదేమిటో చెప్పను, నవ్వుతావు.

మంత్రిగారికి వివరించడానికి నిన్న వెళ్ళాం. సంతకం పెట్టాల్సిన చోట పసుపు కాగితం అంటిస్తాం, ఆయన ఆ పేజీ ఒక్కటే తెరుస్తాడు. "ఇందులో నేనెక్కడ ఉంటాను?" అని అడిగాడు. డైరెక్టరు ముందుమాట చూపించాడు. "ఫొటో?" అన్నాడు. ఫొటో కోసం ఒక పేజీ పెంచాం. ఇలాంటివాళ్ళు విధానాలు చేస్తారని జనం బారులు తీరి ఓట్లు వేస్తారు.

నీ అంబులెన్స్ వచ్చేసినట్టే అనుకో.

నీ తమ్ముడు


కొండమీది ఆసుపత్రి
ఏప్రిల్ 15

తమ్ముడూ,

ఈసారికి తమ్ముడివే. ఆసుపత్రి అంతా చెప్పేశాను, ఏం చేయను, నోరు ఆగలేదు. ఆయా నాకంటే ముందుంది. షెడ్డు పక్కన రాళ్ళు ఏరి, సున్నంతో నేల మీద నాలుగు గీతలు గీసి, "ఇది అంబులెన్స్ జాగా, ఎవరూ సైకిళ్ళు పెట్టకండి" అని కాపలా కాస్తోంది. డాక్టరు కూడా వచ్చినప్పుడల్లా అందులోకి అడుగుపెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

మీ మంత్రికి నా నమస్కారాలు చెప్పకు. ముందుమాటలో ఎంత పళ్ళికిలించుకున్నా సరే, బండి రావాలి.

పిట్ట బాగుంది. బిడ్డ తంతోందట. మీ వంశమే.

అక్క


మంత్రిత్వ శాఖ
మే 28

అక్కా,

పత్రిక నీకు చేరేలోపు ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నాను. మంత్రివర్గం మూడో దారి తీసుకుంది. ఏడాదికి వందలోపు కాన్పులు జరిగే వార్డులు మూసేస్తారు. తల్లుల్ని పెద్దాసుపత్రులకి పంపుతారు.

ఎలా జరిగిందో చెప్తే నమ్మవు. రెండో దారిలో రాతిగోడలున్నాయి, దానికి రోడ్ల మంత్రి సంతకం కావాలి. మా మంత్రికీ ఆయనకీ మాటల్లేవు. ఏదో వంతెన ప్రారంభానికి మా ఆయన పావుగంట ఆలస్యంగా వెళ్ళేసరికి, రోడ్ల మంత్రి రిబ్బన్ కత్తిరించేశాడట. "ఆ మనిషి గుమ్మంలో నేను నిలబడాలా?" అన్నాడు మా ఆయన. మొదటి దారికి ఆర్థిక మంత్రి కావాలి. "మరి మూడోదానికి ఎవరిని అడగాలి?" అన్నాడు. డైరెక్టరు నీళ్ళు నమిలి, "ఎవరినీ అడగక్కర్లేదండీ" అన్నాడు. "అయితే ఇదే!" అని బల్ల మీద కొట్టాడు.

మంత్రివర్గంలో నాలుగు నిమిషాలు పట్టింది. అక్కడ ఒకరి ఫైలుకి ఇంకొకరు తలూపుతారు, తమ వంతు వచ్చినప్పుడు ఆ తల తిరిగి ఊగాలి కదా. రోడ్ల మంత్రి అందరికంటే ముందు ఊపాడట, గోడలు కట్టే పని తప్పిందని. ఇవాళ పత్రికలు "సాహసోపేత నిర్ణయం" అని రాశాయి. ఈ మూర్ఖులకి ప్రభావమే లేదని నీతో అన్నాను. ఉంది. అలక వచ్చినప్పుడు ఉంటుంది.

ఆ మూడోది ఎవరు రాశారో ఏమో. నాలుగో అంతస్తులో చాలామందిమి ఉన్నాం. నువ్వు కంగారుపడకు, అమలు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఇక్కడ ఏదైనా అంతే.

నీ తమ్ముడు


కొండమీది ఆసుపత్రి
జూన్ 20

గుమాస్తాగారికి,

ఏళ్ళు పట్టలేదు. ఇరవై రోజులు పట్టింది. గొళ్ళెం కోసం రెండేళ్ళు మీనమేషాలు లెక్కపెట్టిన శాఖ, తాళం మాత్రం జీపులో వేసుకుని వచ్చింది.

ఇద్దరు అధికారులు వచ్చారు. ఒకాయన కాన్పు బల్లకి నంబరు వేశాడు. ఇంకొకాయన మందుల బీరువా ఖాళీ చేసి పెట్టెలో సర్దుకున్నాడు. రక్తం ఆపే ఇంజెక్షన్లు కూడా. అవి వదిలేయండి బాబూ అంటే, "వార్డు లేనప్పుడు వార్డు మందులెందుకమ్మా?" అన్నాడు. జీపు ఎక్కడ పెట్టారనుకున్నావు? ఆయా గీసిన గీతల మధ్య.

తలుపుకి తాళం వేసి, దాని మీద కాగితం అంటించి ముద్ర వేశారు. పోతూ పోతూ ఈ కొత్త విధానం అచ్చేసిన పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలో మీ మంత్రి నవ్వుతున్నాడు. నేను నీలాంటి చదువరిని కాకపోయినా చివరిదాకా చదివాను. పందొమ్మిదో పేజీలో ఇలా ఉంది: "కొన్ని వార్డులలో కిటికీలను బట్టలు ఆరవేయు తాళ్ళతో నీటి గొట్టములకు కట్టి ఉంచుచున్నారు. ఇట్టి పరిస్థితులలో ప్రసవములు సురక్షితమని చెప్పజాలము."

దేశంలో ఎన్ని కిటికీలు ఉన్నాయో, వాటిలో ఎన్నింటిని నీళ్ళ పైపులకి కట్టారో నాకు తెలియదు. ఆ తాడు సంగతి నేను ఒక్కడికే రాశాను. తొంభై ఆరని కూడా వాడికే రాశాను. పుస్తకంలో వంద అని ఉంది. తొంభై ఆరుగురు తల్లులు నడిచి వెళ్ళారన్న మాట మాత్రం ఎంత వెతికినా లేదు.

ఎవరు రాశారు? ఒక్క వాక్యంలో చెప్పు. మూడు దారులు వద్దు.

అక్క


మంత్రిత్వ శాఖ
జూలై 3

అక్కా,

నేనే రాశాను.

ఇక్కడే ఆపమన్నావు, ఆపలేకపోతున్నాను. దిష్టిబొమ్మకి చొక్కా కావాలి, లేకపోతే నోట్ నమ్మేలా ఉండదు. ఆ వేళ నీ ఉత్తరం బల్ల మీద ఉంది. తాడు చదవగానే ఇది బాగుందనిపించింది. కళ్ళకి కట్టినట్టు ఉంది కదా. వంద ఎందుకు పెట్టానంటే, లెక్క రౌండుగా ఉంటుందని. మీ వార్డు అందులో పడుతుందని తెలుసు. తెలిసే పెట్టాను, ఎందుకంటే అదెలాగూ జరగదు. పదకొండేళ్ళలో ఒక్కడు కూడా మూడోది ముట్టుకోలేదు అక్కా! మంత్రులకి బుర్ర లేదని రోజూ నవ్వుకునేవాడిని, చివరికి వాళ్ళకి అంతమాత్రం బుర్ర ఉంటుందని నమ్మి నీ వార్డుని పందెం పెట్టాను.

పిట్టని జూలై చివర్లోనే ఇక్కడికి పంపేయ్. నా గది ఇచ్చేస్తాను, ఇక్కడి పెద్దాసుపత్రి రెండు వీధుల అవతలే. ఒకవేళ ప్రయాణం చేయలేకపోతే నొప్పులకి ముందే డాక్టరు జీపులో కిందికి దింపించు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నేను రాశానని ఎవరితోనూ అనకు. మంత్రికి ఇప్పుడు పత్రికల్లో మంచి పేరు వచ్చింది, అది చెడితే ముందు నా పేరు బయటికి లాగుతారు. ఈ ఉద్యోగం తప్ప నాకు ఇంకో పని చేతకాదు.

తమ్ముడు


కొండమీది ఆసుపత్రి
ఆగస్టు 9

నీ గదికి పిట్ట రాదు. "ఆ మేనమామ ఇంట్లో కనడంకంటే రోడ్డు మీద కనడం నయం" అంది. దాదాపు అంత పనీ అయింది.

మొన్న ఉదయం నొప్పులు మొదలయ్యాయి, అనుకున్న రోజుకి పది రోజుల ముందే. ముందు రోజు వచ్చిన డాక్టరు అదృష్టంకొద్దీ ఇంకా ఇక్కడే ఉన్నాడు, ఆయన జీపులో బయల్దేరాం. పెద్ద మలుపు దగ్గర కొండ విరిగి పడి ఉంది, నువ్వు కాగితం మీద గోడ కట్టించిన చోటే. వెనక్కి తిప్పాం. ఆసుపత్రికి వచ్చేసరికి పదకొండు దాటింది. పిట్ట వరండాలో గోడ పట్టుకుని నిలబడింది. ఆ తలుపు మీద మీ ముద్ర. బొడ్డు కోసే కత్తెరతో కాగితం కోసేశాను. తాళం సంగతి ఆయా సుత్తితో చూసుకుంది. దీపం తల మీద కూడా ఆవిడే ఒకటి వేసింది.

మధ్యాహ్నం రెండు కాకముందే ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, బాగుంది. ఆ తర్వాత పిట్టకి రక్తం ఆగలేదు. బీరువా తెరిస్తే ఖాళీ అరలు. మీవాళ్ళు పెట్టెలో సర్దుకుపోయిన ఇంజెక్షన్ ఒక్కటి ఉంటే రెండు నిమిషాల పని. నలభై నిమిషాలు చేతులతో నొక్కి పట్టుకున్నాను. డాక్టరు ప్రార్థన చేస్తున్నట్టు నిలబడ్డాడు. నా చేతులు వణికాయిరా. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. పిట్ట తెల్లగా పాలిపోయి కూడా నా మణికట్టు పట్టుకుంది, పట్టుకుంటానన్నది కదా. రక్తం ఆగింది. ఇవాళ కాస్త గంజి తాగింది.

ముద్ర పగిలిందని డాక్టరు పైవాళ్ళకి ఫోన్‌లో చెప్పక తప్పలేదు, నిన్ననే నాకు ఫోన్‌లోనే నోటీసు చదివి వినిపించారు. ప్రభుత్వ ముద్ర పగలగొట్టినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పాలట. సెప్టెంబరు నాలుగున మీ భవనంలోనే, మూడో అంతస్తులో విచారణ. రోడ్డు తెగింది కాబట్టి నేను రానక్కర్లేదు, కాగితం పంపితే చాలన్నారు. రోడ్డు తెగిందని మీవాళ్ళు ఒప్పుకున్నది ఈ ఒక్క చోటే.

నీకు అలవాటైన పద్ధతిలోనే అడుగుతాను. మూడు దారులు.

ఒకటి, మీ మంత్రి దగ్గరికి వెళ్ళి, తప్పయిందని ఆయనచేతే అనిపించు. అందరూ మెచ్చుకునేది, ఎవరివల్లా కానిది.

రెండు, చప్పుడు చేయకుండా ఒక నోట్ రాసి, "ఇట్టి ప్రత్యేక పరిస్థితులలో" అంటూ నన్ను మందలింపుతో బయటపడేయి. నీ పేరు ఎక్కడా రాదు.

మూడు, ఆ రోజు విచారణ గదిలోకి వెళ్ళి, పందొమ్మిదో పేజీ నేను రాశాను, ఆ తాడు మా అక్క కట్టింది, అది గట్టి తాడు అని అందరి ముందూ చెప్పు. బుద్ధి ఉన్నవాడెవడూ ముట్టుకోనిది.

నువ్వు రెండోదాని పక్కన టిక్కు పెడతావని నాకు తెలుసు.


మంత్రిత్వ శాఖ, కింది అంతస్తు, పాత ఫారాల గది
సెప్టెంబరు 19

అక్కా,

మూడోది.

విచారణకి ముగ్గురు కూర్చున్నారు. నేను లేచి చెప్పాను. మొదట నీ ముడి సంగతి చెప్పాను, తర్వాత తొంభై ఆరుగురు తల్లుల సంగతి, తర్వాత పిట్ట. దిష్టిబొమ్మల సంగతి చెప్తుంటే డైరెక్టరు మొహం ఆ కొత్త కర్టెన్లలా బూడిదరంగులోకి మారింది. మధ్యలో కూర్చున్నావిడ "ఎన్నేళ్ళుగా ఇలా రాస్తున్నారు?" అని అడిగింది. చెప్పాను.

కబురు అందగానే మంత్రిగారు స్వయంగా దిగి వచ్చాడు. తప్పు తనది కాదని చెప్పే కాగితం ఒకటి ఉందంటే మరి రాడూ! నా వాంగ్మూలం మొత్తం నిలబడే చదివాడు. పసుపు కాగితం అంటించకపోయినా ఆయన ఒక పేజీ చివరిదాకా చదవడం నేను చూసిన మొదటిసారి అదే. సాయంత్రానికి పత్రికలవాళ్ళని పిలిచి, "అధికారులు నన్ను తప్పుదారి పట్టించారు" అని కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళజోడు తీయకుండానే తుడుచుకున్నాడు.

నీ మీద విచారణ ఎత్తేశారు. విధానం కూడా మారింది. మంత్రిగారు ఎవరినీ అడక్కుండా, స్వయంగా ఆలోచించి మార్చాడు. వంద కొట్టేసి తొంభై చేశాడు. అందుకని మీ వార్డు తెరుస్తారు. ఎనభై తొమ్మిది కాన్పులు జరిగే వార్డు ఇంకెక్కడో ఉంటుంది, అక్కడా ఒక నర్సు ఉంటుంది, ఆవిడకి తమ్ముడున్నాడో లేడో. ఆ సంగతి తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. దేశమంతటికీ కలిపి ఒకే ఒక్క అంబులెన్స్ మంజూరైంది. అది మంత్రిగారి సొంత ఊరికి వెళ్ళింది. రిబ్బన్ కత్తిరించడానికి ఈసారి గంట ముందే చేరుకున్నాడట.

నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు, కిందికి పంపారు. ఇక్కడ నీ నలభై రెండు గళ్ళ ఫారాలు కప్పు దాకా ఉన్నాయి. వాటిని ఎవరూ విప్పనే లేదు. నేను రోజుకి కొన్ని విప్పి చదువుతున్నాను. నీలాగే చాలామంది నలభై రెండో గడిలో తిట్టారు.

ఈ ఉత్తరంతో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. ఇత్తడి గొళ్ళెం, నాలుగు స్క్రూలు. బజారంతా తిరిగి మంచిది ఏరాను. దీనికి ఏ మంత్రి సంతకమూ అక్కర్లేదు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

తమ్ముడు


కొండమీది ఆసుపత్రి, కాన్పుల వార్డు
అక్టోబరు 6

తమ్ముడూ,

వార్డు తెరిచారు. మందుల పెట్టె తిరిగి వచ్చింది, ఇంజెక్షన్లు నేనే లెక్కపెట్టుకుని తీసుకున్నాను. ఆయా గీసిన అంబులెన్స్ జాగాలో ఇప్పుడు బిడ్డ గుడ్డలు ఆరేస్తున్నాం. మీ మంత్రి ఈ కొండకి చేసిన మేలు అదొక్కటే.

గొళ్ళెం అందింది. చాలా అందంగా ఉంది. సరిపోలేదు. మా కిటికీ చెక్క మందం, నువ్వు పంపింది సన్నం. కొలత అడిగావా? కిటికీ చూశావా? అక్కడ కూర్చుని ఏది బాగుంటుందో నువ్వే అనుకుని పంపేశావు. ఇంత జరిగాక కూడా నీకు బుద్ధి రాలేదు.

తాడు అలాగే ఉంది. ముడి గట్టిగానే ఉంది.

పిట్ట నీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టింది. బిడ్డని మాత్రం అందరికీ చూపిస్తూ "మా మేనమామ విధానాన్ని తన్నుకుని బయటికి వచ్చింది" అంటోంది. రోడ్డు సగం బాగుచేశారు. బస్సు పెద్ద మలుపు దాకా వస్తుంది, అక్కడినుంచి నడవాలి. వచ్చి బిడ్డని ఎత్తుకో.

వచ్చేటప్పుడు కొలిచే టేపు తెచ్చుకో.

అక్క